తాలూకా దాటని ఫోను

తెనాలిలో తీసుకున్న ఫోను తెనాలిలోనే మోగాలి. జేబులో వేసుకుని గుంటూరు బస్సెక్కితే పాతిక కిలోమీటర్లు పోయేసరికి మూగబోవాలి. చెడిపోయి కాదు, సిగ్నలు అందక కాదు. లైసెన్సులో అలా రాసి ఉంది కనుక మూగబోవాలి. 2001 జనవరిలో కేంద్ర ప్రభుత్వం అనుమతించిన 'లిమిటెడ్ మొబిలిటీ' టెలిఫోనుకు పెట్టిన షరతు ఇది.

ఈ ఒక్క షరతు చుట్టూ దేశంలోని టెలిఫోను కంపెనీలు రెండు జట్లుగా చీలిపోయాయి. మూడేళ్ల పాటు ట్రిబ్యునలుకూ సుప్రీంకోర్టుకూ మధ్య తిరిగాయి. పేరున్న న్యాయవాదులంతా ఏదో ఒక పక్షాన నిలిచి వాదించారు. చివరకు తగవు కోర్టులో కాక ఖజానా దగ్గర తెగింది. కట్టవలసినవారు కట్టారు, కేసులు వేసినవారు వెనక్కి తీసుకున్నారు. ఏ కంపెనీకి ఎంత అన్నది అలా తేలిపోయింది. ఈ పోటీలో పల్లెలకు రావలసిన వాటా ఏమైందన్నది మాత్రం ఆనాటి లైసెన్సు కాగితాలు తిరగేస్తే గాని బోధపడదు.

ఒక్కరి సొత్తు

మన దేశంలో టెలిఫోను వ్యవహారమంతా 1885 నాటి టెలిగ్రాఫు చట్టం మీద నడిచింది. తంతి అయినా, టెలిఫోను అయినా నడిపే హక్కు కేంద్ర ప్రభుత్వానిదే. ఇంకెవరైనా నడపాలంటే ప్రభుత్వం లైసెన్సు ఇవ్వాలి. నూరేళ్లకు పైగా అలాంటి అవసరమే రాలేదు. ఫోను కోసం దరఖాస్తు పెట్టుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసిన కుటుంబాలు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నాయి. ముందుగా పెద్ద మొత్తం డిపాజిట్టు కట్టగలిగినవారికి 'ఓన్ యువర్ టెలిఫోన్' పథకం కింద కొంత త్వరగా వచ్చేది. కట్టలేనివారు ఎంపీగారి సిఫారసు ఉత్తరం కోసం తిరిగేవారు.

1994 మే నెలలో ప్రకటించిన జాతీయ టెలికాం విధానం ఈ గుత్తాధిపత్యానికి గండి కొట్టింది. దేశాన్ని సర్కిళ్లుగా విడగొట్టి, ఒక్కో సర్కిలులో ప్రభుత్వ శాఖతో పాటు ఒక ప్రైవేటు కంపెనీకి కూడా స్థానిక టెలిఫోను నడిపే అవకాశం ఇస్తామన్నారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ అంతా ఒక సర్కిలు. 1995లో టెండర్లు తెరిస్తే అంకెలు చూసి అందరూ నోళ్లు తెరిచారు. హిమాచల్ ఫ్యూచరిస్టిక్ అనే కంపెనీ ఒక్కటే 9 సర్కిళ్లకు అత్యధిక ధర పాడింది. దాని మొత్తం 85,000 కోట్ల రూపాయలని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ తరువాత ప్రభుత్వం ఒక కంపెనీకి మూడు సర్కిళ్లకు మించి ఇవ్వరాదని పరిమితి పెట్టింది. ఆట మొదలయ్యాక నియమం మార్చారన్న విమర్శ అప్పుడే వచ్చింది. ఆ తరువాత ఈ రంగంలో అదే అలవాటయింది.

ఇది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఢిల్లీ సైన్స్ ఫోరం వేసిన ఆ కేసులో 1996 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. ప్రైవేటువారికి లైసెన్సు ఇవ్వాలా వద్దా అన్నది విధాన నిర్ణయమని, అందులో తాము తలదూర్చబోమని న్యాయస్థానం చెప్పింది. పనిలో పనిగా ఈ రంగానికి స్వతంత్రమైన నియంత్రణ సంస్థ ఎంత అవసరమో కూడా గుర్తు చేసింది.

ఆ సంస్థ 1997లో 'ట్రాయ్' పేరుతో ఏర్పడింది. ఏర్పడిన ఏడాదికే అది ప్రభుత్వ శాఖతోనే కోర్టుకెక్కవలసి వచ్చింది. లైసెన్సు ఇచ్చేది టెలికాం శాఖ, పోటీలో దిగి ఫోన్లు నడిపేదీ ఆ శాఖే. మరి ట్రాయ్ మాట ఆ శాఖ వినాలా? వినాల్సిన పని లేదన్న అర్థం వచ్చేలా 1998లో ఢిల్లీ హైకోర్టు తీర్పు ఇచ్చింది. ఆటగాడే అంపైరైతే ఏమవుతుందో ఊళ్లో పిల్లలు కూడా చెబుతారు. 2000 జనవరిలో ఆర్డినెన్సుతో చట్టం సవరించి, తగవులు తీర్చే పనిని ట్రాయ్ నుంచి తప్పించి 'టీడీశాట్' అనే ట్రిబ్యునలుకు అప్పగించారు. అదే ఏడాది అక్టోబరులో టెలిఫోను శాఖ వ్యాపార భాగం బీఎస్ఎన్ఎల్ కంపెనీ అయింది.

ఒప్పుకున్నది ఒకటి

టెండర్లు ఎంత ఆర్భాటంగా సాగినా, నిజంగా ప్రైవేటు ల్యాండ్‌లైను మొదలైనది కొద్ది సర్కిళ్లలోనే. 1998లో భారతి కంపెనీ మధ్యప్రదేశ్‌లోని ఇండోరులో తొలి ప్రైవేటు టెలిఫోను మోగించింది. మన రాష్ట్రంలో లైసెన్సు టాటా టెలిసర్వీసెస్‌కు దక్కింది. 1999లో హైదరాబాదులో సేవలు ప్రారంభించింది.

లైసెన్సు పొందేటప్పుడు కంపెనీలు రాసి ఇచ్చిన హామీల్లో గ్రామ పబ్లిక్ టెలిఫోన్లు ముఖ్యమైనవి. ఏడాదికి ఇన్ని ఊళ్లలో ఫోన్లు పెడతామన్నారు. టెండర్లలో ఎవరిని ఎంపిక చేయాలో తేల్చేందుకు వేసిన లెక్కలో ఈ హామీ కూడా చేరింది. తీరా చూస్తే అన్ని సర్కిళ్లలోనూ కలిపి పెట్టిన ఊరి ఫోన్లు మాట ఇచ్చినవాటిలో అత్యల్పం. పట్నంలో ఒక్క వాణిజ్య సముదాయానికి కేబులు వేస్తే వంద ఫోన్లు. అదే దూరం పొలాల గట్ల మీదుగా తీగ లాగితే ఊరి రచ్చబండ దగ్గర ఒక్క ఫోను, దానికి నెలకు వచ్చే బిల్లు అంతంత మాత్రం. వ్యాపారస్తుడి లెక్క అది. ఆ లెక్క టెండరు వేసే రోజున మాత్రం ఎవరికీ గుర్తులేదు. హామీ తప్పినందుకు తరువాత జరిమానాలు పడ్డాయి. ఊరికి ఫోను వేసే ఖర్చుతో పోలిస్తే జరిమానాయే చవకని కంపెనీలు భావించి ఉంటే వాటిని తప్పుపట్టడం కష్టమే. తప్పు జరిమానా నిర్ణయించినవారిది.

తీగ బదులు గాలి

తీగ లాగడం భారమైనప్పుడు తీగే లేకుండా చేస్తే? ఎక్స్‌ఛేంజి నుంచి టవరు దాకా కేబులు, టవరు నుంచి ఇంటి దాకా రేడియో తరంగాలు. దీనినే వైర్‌లెస్ లోకల్ లూప్ అన్నారు. వీధులు తవ్వే పని లేదు, స్తంభాలు లేవు, లైన్‌మన్ కోసం ఎదురుచూపులు లేవు. పల్లెలకు ఇదే మార్గమని ల్యాండ్‌లైను కంపెనీలు వాదించాయి. ఆ మాటలో నిజం ఉంది.

అయితే తీగ తెగిపోయాక ఫోను గోడకే ఎందుకు అతుక్కుని ఉండాలి? సంచిలో వేసుకుని తిరగవచ్చు గదా. అక్కడ వచ్చింది చిక్కు. తిరిగే ఫోను సెల్ కంపెనీల సరుకు. వాళ్లు వేలంలో భారీ ధర పెట్టి లైసెన్సు కొన్నారు. తొలి రోజుల్లో సెల్ ఫోనులో మాట్లాడితే రద్దీ వేళ నిమిషానికి 16 రూపాయల 80 పైసలు. తరువాత తగ్గినా, అవతలివారు చేసిన కాలుకు కూడా ఇవతలివారి చేతి డబ్బు పోయేది. లిమిటెడ్ మొబిలిటీ ఫోనుకు మాత్రం స్థానిక కాలు ల్యాండ్‌లైను ధరే, అంటే మూడు నిమిషాలకు రూపాయి 20 పైసలు. వచ్చే కాలు ఉచితం.

ట్రాయ్ 2001 జనవరి 8న సిఫారసు చేసింది. ప్రభుత్వం అదే నెల 25న మార్గదర్శకాలు ఇచ్చింది. తిరగవచ్చు, కాని స్థానిక కాలు పరిధి దాటి కాదు. ఆ పరిధికి టెలిఫోను శాఖ పెట్టిన పేరు 'ఎస్‌డీసీఏ', అంటే స్వల్ప దూర ఛార్జీ ప్రాంతం. దేశం మొత్తం మీద అలాంటివి దాదాపు 2,600. ఇంచుమించు పాత తాలూకా ఎంతో అదీ అంతే. ఒక్కో ప్రాంతానికి ఒక్కో ఎస్టీడీ కోడు. తెనాలికి 08644, గుంటూరుకు 0863. మన రాష్ట్రంలో 1985లో తాలూకాలు రద్దయి మండలాలు వచ్చాయి. టెలిఫోను శాఖ పటంలో మాత్రం తాలూకా చెక్కుచెదరలేదు. ఎప్పుడో కాల్ ఛార్జీల లెక్క కోసం గీసిన ఆ గీతే వేల కోట్ల వ్యాజ్యానికి సరిహద్దు రాయి అయింది.

ఆ మార్గదర్శకాల్లో ఇంకో షరతు కూడా ఉంది. కొత్తగా లైసెన్సు తీసుకునే స్థానిక టెలిఫోను కంపెనీ ఏడేళ్లలో తన సర్కిలులోని ఎస్‌డీసీఏలన్నిటికీ చేరాలి. అదీ పట్నాలు, చిన్న ఊళ్లు, పల్లె ప్రాంతాలు సమపాళ్లలో. కోర్టులో అందరూ సరిహద్దు రాయి గురించే మాట్లాడారు. ఈ షరతును పట్టించుకున్నవారు తక్కువ.

35 కోట్లు, 103 కోట్లు

సెల్ కంపెనీల సంఘం టీడీశాట్‌లో పిటిషను వేసింది. వారి గోడు అర్థం కానిది కాదు. మన రాష్ట్రాన్నే తీసుకుందాం. 2001లో కొత్తగా ల్యాండ్‌లైను లైసెన్సుకు ప్రవేశ రుసుం 35 కోట్లు. అదే ఏడాది నాలుగో సెల్ లైసెన్సుకు వేలంలో పలికిన ధర 103 కోట్లు. '35 కోట్లు కట్టినవాడు కూడా ఫోను జేబులో వేసుకుని తిరగనిస్తే, 103 కోట్లు కట్టినవాడు ఎందుకు కట్టినట్టు?' అన్నది వాదన సారాంశం. పైగా రేడియో తరంగాలు వారికి వేలం లేకుండా వస్తున్నాయన్నారు.

ల్యాండ్‌లైను కంపెనీల జవాబు కూడా తీసివేయదగినది కాదు. తాలూకా లోపల తిరిగేది సెల్ ఎలా అవుతుంది? మేము పల్లెలకు వెళ్లాలి, మీకు ఆ బాధ్యత లేదు. సామాన్యుడికి చవకగా ఫోను అందుతుంటే మీకు అభ్యంతరమేమిటి? ఇరుపక్షాలూ వినియోగదారుడి పేరే చెప్పాయి. వినియోగదారుడు మాత్రం కోర్టులో ఎక్కడా కనిపించలేదు. తమాషా ఏమిటంటే కొన్ని సంస్థలకు రెండు పడవల మీదా కాళ్లున్నాయి. మన రాష్ట్రంలో టాటాలకు ల్యాండ్‌లైను కంపెనీ ఉంది, సెల్ కంపెనీలోనూ వాటా ఉంది.

2002 మార్చి 15న టీడీశాట్ పిటిషను కొట్టివేసింది. సెల్ కంపెనీలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును పక్కన పెట్టింది. ప్రభుత్వ విధానమని చెప్పి ట్రిబ్యునలు చేతులు ముడుచుకోరాదని, దాని అధికారం విస్తృతమైనదని, పోటీదారులకు సమాన అవకాశం ఉన్నదా లేదా అన్నది లోతుగా పరిశీలించాలని చెప్పి కేసు తిప్పి పంపింది. ఈ రంగంలో వచ్చిన తీర్పుల్లో ఇది ముఖ్యమైనది. నిపుణుల ట్రిబ్యునలు పెట్టుకున్నది ప్రభుత్వం చెప్పినదానికి ముద్ర వేయడానికి కాదు గదా.

కేసు తిరిగి ట్రిబ్యునలుకు చేరిన పది రోజులకే పందెం మారిపోయింది. డిసెంబరు 28న రిలయన్స్ దేశవ్యాప్తంగా లిమిటెడ్ మొబిలిటీ సేవ ప్రకటించింది. పేరుకు తాలూకా ఫోను. ఒక ఊరు దాటి మరో ఊరు వెళ్లగానే అక్కడి నంబరుకు కాలు దానంతట అదే మళ్లే ఏర్పాటు వల్ల దేశమంతా మోగేది. 2003 జనవరిలో సెల్ కంపెనీలు ఈ ఫోన్ల నుంచి వచ్చే కాల్స్‌ను తమ నెట్‌వర్కులోకి రానివ్వలేదు. కోపం కంపెనీల మీద, ఇబ్బంది ఫోను చేసినవారికి. అదే ఏడాది జూలైలో 501 రూపాయలకే చేతికి ఫోను ఇస్తామని రిలయన్స్ ప్రకటించింది. దుకాణాల ముందు నిలబడ్డ జనానికి ఎస్‌డీసీఏ అంటే ఏమిటో తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు.

ఇద్దరు ఒకవైపు, ఒకరు ఒకవైపు

2003 ఆగస్టు 8న టీడీశాట్ మళ్లీ తీర్పు చెప్పింది. ఈసారి ధర్మాసనం చీలిపోయింది. ఇద్దరు సభ్యులు లిమిటెడ్ మొబిలిటీ చెల్లుతుందన్నారు. అయితే తాలూకా హద్దు కచ్చితంగా పాటించాలని, సమాన అవకాశం కోసం అదనపు రుసుం సంగతి ట్రాయ్ చూడాలని ఆదేశించారు. అధ్యక్షుడు జస్టిస్ డి.పి. వాధ్వా వారితో ఏకీభవించలేదు. కదలని ఫోనుకు ఇచ్చిన లైసెన్సుతో కదిలే ఫోను నడపడం చెల్లదని విడిగా రాశారు. న్యాయసూత్రం వరకు చూస్తే ఆయన మాటే నిక్కచ్చిగా ఉంది. కాని అప్పటికే లక్షల మంది చేతుల్లో ఆ ఫోన్లున్నాయి. లక్షల మంది ఫోన్లను మూగబోయేలా చేసే తీర్పును అమలు చేసే ప్రభుత్వం ఎక్కడా ఉండదు.

సెల్ కంపెనీలు మరోసారి సుప్రీంకోర్టు తలుపు తట్టాయి. ఈలోగా ప్రభుత్వమే దారి వెతికింది. 2003 నవంబరు 11న 'యూనిఫైడ్ యాక్సెస్' లైసెన్సు మార్గదర్శకాలు వచ్చాయి. ఇకపై ల్యాండ్‌లైను, సెల్ అన్న తేడా లేదు. నాలుగో సెల్ కంపెనీ ఎంత కట్టిందో, అంతకు తగ్గకుండా తేడా కడితే ఎవరైనా ఏ ఫోనైనా నడపవచ్చు. మన రాష్ట్రం లెక్కలో 35 కోట్లకూ 103 కోట్లకూ మధ్య తేడా 68 కోట్లు. తాలూకా హద్దు దాటినందుకు రిలయన్స్ మీద అదనంగా 485 కోట్ల జరిమానా పడింది. సెల్ కంపెనీలు కేసులు ఉపసంహరించుకున్నాయి. లిమిటెడ్ మొబిలిటీ చెల్లుతుందా చెల్లదా అన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు జవాబు చెప్పే అవసరమే లేకుండా పోయింది.

కంపెనీల తగవులు అక్కడితో ఆగాయని కాదు. 2016లో జియో వచ్చినప్పుడు పాత కంపెనీలు చాలినన్ని అనుసంధాన లైన్లు ఇవ్వడం లేదని ఫిర్యాదు చేసింది. ఎయిర్‌టెల్, వొడాఫోన్, ఐడియాల మీద 3,050 కోట్ల జరిమానాకు ట్రాయ్ సిఫారసు చేసింది. పోటీ వ్యవహారం గనుక తానూ విచారిస్తానని కాంపిటీషన్ కమిషన్ ముందుకు వస్తే, ముందు ట్రాయ్ తేల్చాలని, ఆ తరువాతే కమిషన్ వంతని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అవతలి కంపెనీ తలుపు తీయకపోతే ఇవతలి ఫోను ఉత్త డబ్బా అన్న సత్యం 2003 జనవరిలో ఎలా ఉందో 2016లోనూ అలాగే ఉంది. 2001లో లిమిటెడ్ మొబిలిటీ జెండా పట్టిన కంపెనీలలో రిలయన్స్ కమ్యూనికేషన్స్ 2019లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. టాటాల మొబైల్ వ్యాపారం అదే ఏడాది ఎయిర్‌టెల్‌లో కలిసింది.

మాయమైన షరతు

ఇక పల్లెల సంగతి. ఏడేళ్లలో ప్రతి తాలూకాకూ, పట్నానికీ పల్లెకూ సమపాళ్లలో చేరాలన్న పాత షరతు 2003 నాటి కొత్త లైసెన్సులో లేదు. దాని స్థానంలో సెల్ కంపెనీల షరతు వచ్చి కూర్చుంది. మొదటి ఏడాదిలో పదో వంతు జిల్లా కేంద్రాలు, మూడేళ్లలో సగం జిల్లా కేంద్రాలు చేరితే చాలు. జిల్లా కేంద్రం బదులు ఆ జిల్లాలో వేరే పట్టణమైనా ఫరవాలేదు. పల్లె ప్రాంతాలు తప్పనిసరి కాదని లైసెన్సులోనే స్పష్టంగా రాశారు. అంటే రెండు జట్లనూ సమానం చేసేటప్పుడు బరువు తక్కువ ఉన్నవాడి నెత్తిన బరువు పెట్టలేదు, ఎక్కువ ఉన్నవాడి బరువు దించారు. 103 కోట్లతో 35 కోట్లను సమానం చేయడానికి మూడేళ్లు వాదించినవారిలో ఒక్కరూ దీనిమీద వాదించలేదు. వాదించవలసినవారికి వకీలు లేడు.

పల్లెకు ఫోను రాలేదా అంటే వచ్చింది. పోటీ వల్లే వచ్చింది. ధరలు పడిపోయి, ఫోను చవకై, టవర్లు రోడ్డు వెంట ఊరూరా లేచాయి. 2003 మేలో వచ్చే కాలుకు డబ్బు తీసుకోవడం పోయాక కూలికి వెళ్లే మనిషి కూడా ఫోను కొన్నాడు. ఆ మేలును కాదనడానికి లేదు. అయితే టవరు ఎక్కడ లేవాలన్నది రాబడి లెక్కే నిర్ణయించింది. ఏజెన్సీ గూడేలకు, కొండ మీది పల్లెలకు ఆ లెక్క కుదరలేదు. ఆ బాధ్యత బీఎస్ఎన్ఎల్ మీద, 2002లో మొదలైన సార్వత్రిక సేవా నిధి మీద పడింది. కంపెనీల రాబడిలో 5 శాతం చొప్పున ఆ నిధికి వసూలు చేశారు. 2023 నాటి కొత్త టెలికాం చట్టం దాని పేరు డిజిటల్ భారత్ నిధిగా మార్చింది. ఏళ్ల తరబడి వసూలైనదానిలో పెద్ద మొత్తం ఖర్చు కాకుండా మిగిలిపోయిన సంగతి పార్లమెంటులో పలుమార్లు చర్చకు వచ్చింది.